గడప బయట నిలబడిన యజమాని

నమోదు 1
ఎత్తుకు నలభై ఒక్క రోజులు. నీరు ఎనిమిదో మెట్టు అంచున.

ఈ పుస్తకం రాస్తున్నది పొట్నూరు నూకరత్నం. వయసు నలభై ఎనిమిది. ఉద్యోగం ఇనుపమోకుల తనిఖీ. చదువు గృహస్వామ్య చట్టంలో డిప్లొమా, రాత్రి కళాశాల, ప్రథమ శ్రేణి. పెట్టిల్లు అద్దెకిచ్చే ప్రతి యజమానీ దినచర్య పుస్తకం ఉంచాలని సెక్షన్ 12 నిర్దేశిస్తుంది. మా వరుసలో అద్దెకిచ్చేవారు ఎనభై మందికి తక్కువ లేరు. వారిలో పుస్తకం ఉంచేవారెవరో నాకు తెలియదు. నేను ఉంచుతున్నాను.

ఉదయం నాలుగో స్తంభం మోకులకు గ్రీజు పట్టించాను. రెండు మోకుల్లో పోగులు తెగి ఉన్నాయి; ఎర్రగుడ్డ కట్టి, మార్చమని రాశాను. ఏటా సముద్రం ఒక మెట్టు పైకి వస్తుంది. ఏటా ‘ఎత్తు’ రోజున ఈ మోకులే నాలుగు వందల పెట్టిళ్లను మనుషులతో, సామాన్లతో సహా కొండమీదికి ఒక మెట్టు లాగుతాయి. మోకు తెగితే ఏమవుతుందో తెలిసినవాళ్లు నా ఉద్యోగాన్ని చిన్నచూపు చూడరు. తెలియనివాళ్లు చూస్తారు.

ఈ రోజు నా రెండో పెట్టిల్లు అద్దెకిచ్చాను. దాని వెల ఇరవై ఐదు వేల లీటర్ల మంచినీరు. ఐదు వేలు పదమూడేళ్లుగా జీతంలో మిగిల్చి దాచినవి. ఇరవై వేలు ఎగువ గృహరుణ సంఘం ఇచ్చిన అప్పు. అద్దె నెలకు మూడు వందల లీటర్లు. వాయిదా రెండు వందల నలభై. అందులో వడ్డీ నూట యాభై. ఆ వడ్డీకీ, మరమ్మతులకయ్యే ఇరవై లీటర్లకూ పన్ను మినహాయింపు ఉంది. మిగిలిన నూట ముప్పైలో అయిదో వంతు, అంటే ఇరవై ఆరు, అద్దె పన్ను. అన్నీ పోగా నాకు మిగిలేది నెలకు పద్నాలుగు లీటర్లు. ఒక బిందె. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పదకొండేళ్లకు వాయిదాలు తీరిపోతాయి. అప్పటికి నా మోకాళ్లు స్తంభాలెక్కడానికి పనికిరావు. అప్పుడు ఆ ఇల్లు నాకు నీళ్లు పోస్తుంది.

అద్దెకు దిగినవారు తవిటినాయుడు, అతని భార్య ఎర్రయ్యమ్మ. ఇద్దరూ ఉప్పునీటి జల్లెడలు కడిగే పనివాళ్లు. చేతులు మోచేతుల దాకా తెల్లగా పొరలు లేచి ఉంటాయి. ఒప్పందం చదివి వినిపించాను. వేలిముద్రలు తీసుకున్నాను. పాలపొడి, కొత్త గిన్నె నేనే తెచ్చాను.

“అద్దింటికి పాలెందుకమ్మా?” అంది ఎర్రయ్యమ్మ. “నాలుగు నెల్లుంటామో, నాలుగేళ్లుంటామో.”

“పదకొండు నెలలు ఉంటారు. ఒప్పందంలో అలాగే ఉంది. నా ఇంట్లో పొయ్యి మొదటిసారి పాలతోనే వెలగాలి.”

“పొత్తకంలాగ మాటాడతాదేటే ఈవిడ!” అని తవిటినాయుడు భార్య చెవిలో అన్నాడు. చెవిలో అన్నది స్తంభం చివర దాకా వినిపించింది.

అద్దెకొచ్చినవాళ్లు పాలు పొంగించుకునేటప్పుడు యజమాని లోపల నిలబడి పెత్తనం చేయకూడదు. అది మర్యాద. నేను గడప బయటే నిలబడ్డాను. పాలు పొంగాయి. గడపలో బిగించిన సాక్షియంత్రం రెండుసార్లు పచ్చగా మెరిసింది. శుభమనుకున్నాను.

నమోదు 2
ఎత్తుకు ముప్పై ఆరు రోజులు.

తలుపు పట్టాలో ఉప్పు పేరుకుందని ఎర్రయ్యమ్మ కబురు పెట్టింది. వెళ్లి గీకి, నూనె వేశాను. నూనె రెండు లీటర్ల విలువ. మరమ్మతు కింద నమోదు చేస్తున్నాను.

అర్జీలేఖకురాలిగా అనుమతి కోరుతూ నేను పెట్టిన దరఖాస్తు మూడోసారి తిరిగి వచ్చింది. అనుమతి రుసుము మూడు వేల లీటర్లు. నియమం 17 ఇలా ఉంది: “చట్టవిద్య గలవారు అనుమతి లేక ఇతరుల కొరకు అర్జీలు వ్రాయరాదు. చట్టవిద్య లేని ఇరుగుపొరుగువారు పరస్పరము వ్రాసిపెట్టుకొనుటకు ఈ నియమము వర్తించదు.” అంటే చదువుకోనివాడు పక్కింటివాడికి అర్జీ రాస్తే సాయం, నేను రాస్తే నేరం. ఆరేళ్లు, స్తంభాల మీద పని ముగించుకుని, గ్రీజు చేతులతో కలం పట్టుకుని చదివిన చదువుకు నివాస హక్కుల మండలివారు ఇచ్చిన గౌరవం ఇది.

డిప్లొమా గోడమీద ఉంది. తుడిచాను.

నమోదు 3
ఎత్తుకు ఇరవై తొమ్మిది రోజులు. నీరు ఎనిమిదో మెట్టు దాటింది.

నివాస హక్కుల మండలి నుంచి నోటీసు వచ్చింది. యథాతథంగా రాస్తున్నాను.

“మీ పెట్టిల్లు సంఖ్య 4-212 గడపవద్ద మీరు వెలుపల నిలిచియుండగా, శ్రీమతి ఎర్రయ్యమ్మ లోపల పాలు పొంగించినట్లు సాక్షియంత్రము ధ్రువీకరించినది. సెక్షన్ 41 ననుసరించి యాజమాన్యము ఆమెకు సంక్రమించినది. ప్రతిఫలము లేనందున దీనిని దానముగా పరిగణించడమైనది. మీ ఔదార్యమునకు అభినందనలు.”

నాలుగుసార్లు చదివాను. అభినందనలట.

సెక్షన్ 41 నాకు కంఠతా వచ్చు. పరీక్షలో ఇరవైకి పంతొమ్మిది మార్కులు తెచ్చిపెట్టిన ప్రశ్న అది. వరదలో రిజిస్ట్రారు కచేరీలు మునిగి, కాగితాలన్నీ పోయిన రోజుల్లో, ఎవరిది ఏ ఇల్లో తేల్చడానికి పుట్టిన సెక్షను. యజమాని బయట నిలబడి, కొన్నవారు లోపల పాలు పొంగిస్తే, ఆ క్రియకు విక్రయపత్రం తోడైతే, హక్కు మారినట్టు. పత్రం లేనిదే క్రియ చెల్లదు. చెల్లదని రెండు పేజీలు రాశాను. ఎర్ర సిరాతో “భేష్” అని వచ్చింది.

రేపు మండలికి వెళ్లి ఈ అజ్ఞానుల చేత ఆ రెండు పేజీలు చదివిస్తాను.

నమోదు 4
ఎత్తుకు ఇరవై ఎనిమిది రోజులు.

సగం రోజు సెలవు పెట్టి మండలికి వెళ్లాను. కౌంటరులో ఉన్నది జోగారావు. రాత్రి కళాశాలలో నా పక్క బల్ల. సెక్షన్ 41 ఉన్న పేపరు రెండుసార్లు తప్పాడు. మూడోసారి నా నోట్సు చదివి గట్టెక్కాడు. ఇప్పుడు ఆ సెక్షను అమలు చేసేది అతనే.

“రా అప్పా, రా. నువ్వే వస్తావనుకున్నాను” అన్నాడు. మావైపు అక్కను అప్ప అంటారు.

“విక్రయపత్రం లేకుండా సెక్షన్ 41 ఎలా వర్తిస్తుంది?”

“పత్రం మాట ఒకటో తారీకున తీసీసినారప్పా. కాగితాలు చెమ్మకి పాడైపోతన్నాయి, దొంగవి పుట్టుకొచ్చీస్తన్నాయి. అందుకని క్రియ ఒక్కటే చాలన్నారు. మీ పాలు మూడో తారీకున పొంగినాయి.”

“ఈ సవరణ ఎవరికి తెలిపారు?”

“గోడమీద అంటించాం కదా.”

“ఏ గోడ?”

జోగారావు తన వెనక తలుపు వైపు చూశాడు. “లోపలి గోడ.”

ఆ తలుపు మీద “సిబ్బందికి మాత్రమే” అని రాసి ఉంది. నేనది పైకి చదివాను. వరుసలో నా వెనక నిలబడిన ముసలాయన గట్టిగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

“అయితే ఆమె నాకు తిరిగి ఇచ్చేస్తుంది. నేను లోపల పాలు పొంగిస్తాను, ఆమె బయట నిలబడుతుంది.”

“అలాగ సేస్తే అది రెండో దానం అవుతాదప్పా. మొదటి దానానికి ఆవిడ ఐదు వేల లీటర్లు పన్ను కట్టాల. రెండోదానికి నువ్వు ఇంకో ఐదు వేలు కట్టాల. మొదటిది కట్టందే రెండోది రాయం.”

నేను కౌంటరు మీద చెయ్యి వేసి కొట్టాను. నలభై ఎనిమిదేళ్లలో ప్రభుత్వ కచేరీలో బల్ల మీద చెయ్యి వేసి కొట్టడం ఇదే మొదలు. ఇది కూడా నమోదు చేస్తున్నాను.

నమోదు 5
ఎత్తుకు ఇరవై ఆరు రోజులు.

ఎర్రయ్యమ్మకు దాన పన్ను నోటీసు అందింది. పనినుంచి తిరిగి వస్తుంటే వసారాలోనే నిలేసింది.

“ఐదు వేల లీటర్లంట! నన్ను గుడ్డలాగ పిండినా ఐదు లీటర్లు రావు! నువ్వే కదమ్మా పాలెట్టమన్నావు? నాను వద్దన్నాను కానా?”

“పాలు పొంగించమన్నాను. ఇల్లు తీసుకోమనలేదు.”

“నానడిగినానేటి నీ ఇల్లు? నీ ఇల్లు నువ్వే పట్టుకెల్లిపో! నీ గిన్నె కూడా పట్టుకెల్లిపో!” అని ఆ పాలగిన్నె తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. పెట్టడం అనే మాట మర్యాద కోసం రాస్తున్నాను.

తవిటినాయుడు మధ్యలోకి వచ్చాడు. “ఒసే, ఊరుకోయే. ఇప్పుడీ ఇంటికి నువ్వే ఓనరు. నీకు నాను అద్దె కట్టాలేటి?”

“నువ్వు నోరుముయ్యి!” అని ఇద్దరం ఒకేసారి అన్నాం. నేను ఏకవచనంలో అన్నాను. తరువాత సిగ్గుపడ్డాను.

కానీ ఒక సంగతి కూడా రాయాలి. ‘ఓనరు’ అన్న మాటకు వాళ్లిద్దరి ముఖాల్లో మెరుపేమైనా వస్తుందేమోనని నేను చూశాను. ఉచితంగా ఇల్లు వచ్చిందన్న ఆశ కనిపిస్తుందేమోనని వెతికాను. అక్కడ భయం తప్ప ఏమీ లేదు. వెతికినందుకు నామీద నాకే కోపం వచ్చింది. అయినా ఆ కోపం చేరవలసినచోటు నేను కాదు.

నమోదు 6
ఎత్తుకు ఇరవై రోజులు. నీరు తొమ్మిదో మెట్టు కింద మూరెడు.

ఉదయం గృహరుణ సంఘం ఉత్తరం. షరతు 9: యాజమాన్యం చేతులు మారితే అప్పు మొత్తం ఎత్తుకు ముందే చెల్లించాలి. అంటే ఇరవై వేల లీటర్లు, ఇరవై రోజుల్లో. నా జీతం నెలకు నాలుగు వందలు. ఇల్లు నాది కానప్పుడు అప్పు మాత్రం నాదెలా అయిందో ఆ ఉత్తరంలో లేదు. నేను చదివిన చట్టంలోనూ లేదు.

మధ్యాహ్నం మా పై అధికారి “ఎత్తకూడని పెట్టిళ్ల” జాబితా చేతికిచ్చాడు. అప్పు తీరనివి, పన్ను బాకీ ఉన్నవి, హక్కు తేలనివి ఎత్తరు. వాటి కొక్కేలు విప్పి, నల్లగుడ్డ కట్టాలి. అది తనిఖీదారు పని. నా పని. ఏటా ముగ్గురో నలుగురో ఉండేవారు. నల్లగుడ్డ కట్టేటప్పుడు లోపలివాళ్ల కళ్లలోకి చూడకూడదని మాకు శిక్షణలోనే నేర్పారు. ఏడో మెట్టు దగ్గర నీరు తేటగా ఉన్న రోజుల్లో ఆ పాత పెట్టిళ్ల కప్పులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈసారి జాబితాలో నలభై నాలుగు. ఈ ఏడాది పాలు పొంగిన అద్దె గడపలన్నిటినీ, సవరణకు ముందువాటితో సహా, యంత్రం వెనక్కి తిరిగి చూసిందట. నాలాగే అప్పు చేసి ఒక్క పెట్టిల్లు కొని అద్దెకిచ్చుకున్నవాళ్లు: దర్జీలు, జల్లెడవాళ్లు, ఒక మంత్రసాని. ముప్పై పెట్టిళ్లున్న ఆసాములెవరూ అందులో లేరు. వాళ్ల గడపల్లో పాలు పొంగవు. వాళ్ల గుమాస్తాలు తాళంచెవి విసిరి వెళ్లిపోతారు. మర్యాద పాటించినవాళ్లే జాబితాకెక్కారు.

పద్దెనిమిదో పేరు నాది. 4-212 కొక్కెం నేనే విప్పాలి.

నమోదు 7
ఎత్తుకు పదహారు రోజులు.

భోజన విరామంలో జోగారావు స్తంభం కిందికి వచ్చాడు. కచేరీ మనిషి స్తంభాల దగ్గరికి రావడం మంచి కబురు కాదు. గ్రీజు డబ్బా మీద కూర్చుని గొంతు తగ్గించాడు.

“రెండు దార్లున్నాయప్పా. అడిగినోలకే సెప్పమని మాకు ఆర్డరు. నువ్వడగలేదు, అయినా సెప్తన్నాను. నీ నోట్సు రుణం.”

“చెప్పు.”

“సెక్షన్ 44. ఎర్రయ్యమ్మ నిన్ను మోసం సేసి పాలు పొంగించిందని రాసియ్యి. దానం కొట్టీస్తారు. ఇల్లు నీది. ఆవిడ పేరు మోసగాళ్ల సిట్టాలో ఎక్కుతాది. ఆవిడకి ఏ మెట్టు మీదా ఎవులూ ఇల్లియ్యరు, అంతే.”

“అంతేనా?”

“అంతే.”

“లేచి అటు జరుగు. నువ్వు కూర్చున్నది ప్రభుత్వ గ్రీజు.”

లేవలేదు. జోగారావుకు సిగ్గు ఆలస్యంగా వస్తుంది. “రెండోది విను. సెక్షన్ 88. సట్టం సదూకోనోడు తెలీక ఇచ్చీసిన దానాన్ని, ఇచ్చినోడే అడిగితే కొట్టీవొచ్చు. ఫారంలో ఒక గడి ఉంటాది: అర్జీదారుకు చట్టవిద్య కలదా? లేదు అని రాస్తే సాలు. ఇల్లు నీది, ఆవిడకి పన్ను లేదు, సంఘం నోరు మూసుకుంటాది.”

“నాకు చట్టవిద్య ఉంది.”

“డిప్లొమా మాకు తిరిగిచ్చీయాల. దానికి కన్నం కొట్టి, రిజిస్టర్లో నీ పేరు కొట్టీస్తాం. ఒక్క కాగితమప్పా. కాగితానికీ ఇంటికీ పోటీ ఏటి?”

ఆరేళ్లలో మా తరగతిలో చేరినవారు అరవై మంది. చివర మిగిలినవారు తొమ్మిది మంది. తొమ్మిదిమందిలో మొదటి మార్కు నాది. ఈ మాటలు అతనికి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేని ఏకైక మనిషి అతను.

పొమ్మన్నాను. సెక్షన్ నంబరు ఏదీ వాడకుండా, మా అమ్మ పొమ్మనే తీరులో పొమ్మన్నాను.

నమోదు 8
ఎత్తుకు పన్నెండు రోజులు. నీరు తొమ్మిదో మెట్టు తాకింది.

మండలి నన్ను ఒక అబద్ధం అడుగుతోంది. ఎర్రయ్యమ్మ గురించి చెబుతావా, నీ గురించి చెబుతావా అని తీరిగ్గా రెండు ఫారాలు ముందు పెట్టింది. రెండూ రాయనంటే ఇల్లు మునుగుతుంది. ఇంతకాలం నేను గర్వపడింది ఒక్కటే: ఏ కాగితం మీదా తప్పు రాయలేదు. అద్దె పన్నులో రెండు లీటర్ల నూనెకు కూడా లెక్క చూపాను. అలాంటిదాన్ని పట్టుకుని అబద్ధం రాయమంటున్నారు, అదీ ఉపశమనం పేరుతో.

4-212కు వెళ్లాను. ఎర్రయ్యమ్మ మూటలు కడుతోంది.

“మేమెల్లిపోతాం నూకరత్నమ్మా. మేం లేపోతే నీ ఇల్లు నీకొచ్చీదా?”

“రాదు. మీరు వెళ్లినా యాజమాన్యం మీ పేరుమీదే ఉంటుంది. పన్ను మీతోపాటే వస్తుంది.”

మూట మీద కూర్చుండిపోయింది. తరువాత, ఎగతాళి ఏ మాత్రం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

“అమ్మా, నీకు సట్టం తెల్సు కదా?”

“తెలుసు.”

“మరి తెల్సుంటే ఇలాగెందుకయ్యిందమ్మా?”

సమాధానం కోసం సెక్షన్లన్నీ వెతికాను. నేను చదివిన చట్టంలో పత్రం ఉంది. నేను చదివిన చట్టం అందరికీ కనిపించే గోడమీద ఉంటుంది. అందులో ఇల్లు పోయినవాడి దగ్గర ఆ ఇంటి అప్పు వసూలు చేయరు, అడిగినవాడికే దారి చెప్పమని ఆదేశాలివ్వరు. ఆ చట్టం నాకు తెలుసు, పంతొమ్మిది మార్కులకు తెలుసు. కానీ ఆ తలుపు వెనక ఉన్నది ఆ చట్టం కాదు. అక్కడున్నదేమిటో నాకు తెలియదు.

“మూటలు విప్పు” అన్నాను.

నమోదు 9
ఎత్తుకు పదకొండు రోజులు.

డిప్లొమాను గోడమీంచి తీశాను. అది ఉన్నచోట గోడ మిగతా గోడకన్నా తెల్లగా ఉంది. పటం కట్టినది పటం కట్టినట్టే కాగితపు సంచిలో పెట్టుకుని మండలికి నడిచాను.

జోగారావు ఫారం ఇచ్చాడు. “అర్జీదారుకు చట్టవిద్య కలదా?” అన్న గడిలో “లేదు” అని రాశాను. అక్షరాలు గుండ్రంగా, తలకట్లు సరిగా రాశాను. తప్పు రాయలేదు; నిన్నటినుంచి అదే నిజం.

అతను పటం విప్పి, డిప్లొమాను కన్నాల యంత్రంలో పెట్టాడు. ఒక క్షణం ఆగాడు.

“అప్పా, నువ్వు అటు తిరుగు.”

“తిరగను. నొక్కు.”

నొక్కాడు. “ప్రథమ శ్రేణి” అన్న మాటలో “ప్రథమ” పోయింది. తరువాత రిజిస్టరులో నా పేరు మీద గీత గీసి, ఫారం మీద ముద్ర వేశాడు: “చట్టవిద్య లేని వ్యక్తి. ధ్రువీకరించడమైనది.” ఒక ప్రతి నాకిచ్చాడు.

బయటికి వచ్చి నేరుగా పనికి వెళ్లాను. ఆ మధ్యాహ్నం నేను ఎక్కిన స్తంభానికి గ్రీజు కొంత ఎక్కువే పడింది. దుఃఖమని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

నమోదు 10
ఎత్తుకు ఏడు రోజులు.

4-212 జాబితాలోంచి పోయింది. కొక్కేనికి కొత్త గ్రీజు పట్టించాను. ఇంకా నలభై మూడు ఉన్నాయి. ఈ రోజు నల్లగుడ్డలు కట్టడం మొదలుపెట్టాలి.

మొదటిది మంత్రసాని సూరీడమ్మది. నా చేతిలో గుడ్డ చూడగానే ఆవిడ తలుపుకు అడ్డం నిలబడింది. ఈ వరుసలో సగం మందిని ఈ లోకంలోకి లాగిన చేతులవి. “నువ్వు పుట్టినప్పుడు కూడా అడ్డం తిరిగే పుట్టినావే” అంది. శిక్షణలో చెప్పినదానికి విరుద్ధంగా ఆవిడ కళ్లలోకి చూశాను.

“సెక్షన్ 88 కింద అర్జీ పెట్టావా?”

“అదేటి?”

అనుమతి ఉన్న అర్జీలేఖకులను అడిగితే ఒక్కో అర్జీకి రెండు వందల లీటర్లట. పైగా సెక్షన్ 88 మాట ఎవరూ ఎత్తడం లేదట. 44 కింద మోసం కేసు పెట్టమంటున్నారట, దానికి ఐదు వందలు. నలభై మూడు గడపల్లో ఒకరి మీద ఒకరు అబద్ధాలు రాయడానికి జనం లీటర్లు పోగుచేసుకుంటున్నారు.

నల్లగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను. పైజేబులో ముద్ర కాగితం తగిలింది. తీసి చదివాను. చట్టవిద్య లేని వ్యక్తి. ధ్రువీకరించడమైనది.

నియమం 17 గుర్తొచ్చింది. రెండో వాక్యం.

స్తంభం మీద నిలబడి ఎర్రయ్యమ్మను కేకేశాను. ఎలా కేకేశానో రాయడానికి నాకు సంకోచం లేదు: “ఒలే ఎర్రయ్యమ్మా! ఎల్లి నల్లగుడ్డోల్లందర్నీ లాక్కురా!”

ఆవిడ నోరు తెరిచి నన్ను చూసింది. “ఓలమ్మో! పొత్తకం నోరిప్పింది!” అని పరిగెత్తింది.

నమోదు 11
ఎత్తుకు మూడు రోజులు. నీరు తొమ్మిదో మెట్టు మీద చీలమండ లోతు.

నాలుగు పగళ్లు సెలవు పెట్టాను. 4-212 వసారాలో పీట వేసుకుని రాశాను. ఎర్రయ్యమ్మ ఒక్కొక్కరిని కూర్చోబెట్టింది, తవిటినాయుడు వేలిముద్రల సిరా పట్టుకున్నాడు. అద్దెకిచ్చినవారినీ, ఉన్నవారినీ పక్కపక్కన కూర్చోబెట్టి వివరాలు అడిగాను. పాలు ఎవరు తెచ్చారు, ఎవరు బయట నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారు. “మర్యాద కోసం” అని నలభై మూడుసార్లు రాశాను.

ఉదయం అందరం కలిసి మండలికి వెళ్లాం. వరుస మెట్లు దిగి వీధి చివరిదాకా పోయింది. నేను కౌంటరు ముందు కట్ట పెట్టాను. జోగారావు పై నాలుగైదు తిరగేశాడు. ముఖం పాలిపోయింది.

“ఇవన్నీ ఒక్క సేతి రాత.”

“అవును.”

“పెతీ దాంట్లో సెక్షన్ 88, రెండో ఉపసెక్షను, కిందటేటి సవరణ, తీర్పుల తారీకులు. తప్పు లేదు, కొట్టివేత లేదు. సట్టం తెలీని మనిసి రాసినట్టుందా అప్పా?”

ముద్ర కాగితం తీసి కౌంటరు అద్దానికి ఆనించాను. “మీరు ధ్రువీకరించారు. చట్టవిద్య లేని ఇరుగుపొరుగుకు నియమం 17 వర్తించదు.”

“మా పైవోలు ఒప్పుకోరు. ఇది సదూకున్నోల రాతంటారు.”

“అలా అంటే కాగితం మీద రాసివ్వమను. నాకు చట్టం తెలుసని మండలి రాసిస్తే, ఆ కాగితమే చూపించి నా డిప్లొమా తిరిగి అడుగుతాను. కన్నం లేనిది.”

అతను లోపలికి వెళ్లాడు. “సిబ్బందికి మాత్రమే” తలుపు వెనక గొంతులు పెరిగాయి, తగ్గాయి. వెనక వరుసలో సూరీడమ్మ, “కానుపు కష్టంగుంది నాయనా, నన్ను రమ్మంతావేటి?” అని కేకేసింది. వరుసంతా నవ్వింది. జోగారావు బయటికి వచ్చాడు. ఎవరివంకా చూడలేదు. ముద్ర తీసుకున్నాడు.

నలభై మూడో ముద్ర పడేదాకా నేను కౌంటరు ముందునుంచి కదలలేదు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటోది మసకగా పడితే మళ్లీ వేయించాను.

నమోదు 12
ఎత్తు రోజు. పదో మెట్టు.

ఈసారి ఎవరినీ కింద వదిలిపెట్టలేదు. నాలుగు వందల కొక్కేలూ బిగువుగా నిలిచాయి. నేను గ్రీజు పట్టించిన మోకులు. నల్లగుడ్డలు నా జేబులోనే ఉన్నాయి. అద్దె ఇంటి తలుపు తుడవడానికి వాడతాను, మరమ్మతు ఖర్చు సున్నా.

కొత్త మెట్టు ఎక్కాక పాలు కాయడం ఆనవాయితీ. ఎర్రయ్యమ్మ గిన్నె పట్టుకుని 4-212 వసారా చివరన, గడపకు ఆరడుగుల దూరంలో నిలబడింది.

“నువ్వే లోపలికెల్లి పొంగించమ్మా. నాను ఈ పక్కకి రాను. మొగుడ్ని కూడా రానియ్యను.”

“నాకు మొగుడు లేడు.”

“నా మొగుడి మాటేనమ్మా! ఆడు పాలెక్కడ ఒలకబోసినా నీకు ఇంకో ఇల్లు పోతాది.”

లోపలికి వెళ్లి పాలు పొంగించాను. సాక్షియంత్రం పచ్చగా మెరిసింది. ఎవరి ఇల్లు ఎవరికి వచ్చిందని రాసుకుందో దానికే తెలియాలి.

మా ఇంట్లో తెల్లగా మిగిలిన గోడమీద ముద్ర కాగితాన్ని తగిలించాను. పటం అదే, మేకు అదే.

కోపం తగ్గిందా అని ఎవరైనా అడిగితే, లేదు. సెక్షన్ 41 ఇంకా అలాగే ఉంది, లోపలి గోడ ఇంకా లోపలే ఉంది. ఆ సెక్షనును రద్దు చేయమని అర్జీ రాయడం ఈ మధ్యాహ్నం మొదలుపెట్టాను. పన్నెండు పేజీలయ్యాయి, ఇంకా పీఠిక దాటలేదు. చివరి పేజీ మాత్రం ముందే రాసి పెట్టుకున్నాను. అందులో ఒక్కటే వాక్యం.

అర్జీదారు: పొట్నూరు నూకరత్నం, చట్టవిద్య లేని వ్యక్తి, మండలివారిచే ధ్రువీకరింపబడినది.